శల్యుడి విందు

శల్యసారథ్యం అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. సాయం చేస్తున్నట్టే పక్కన కూర్చుని మనిషి ధైర్యాన్ని పోగొట్టేవాణ్ణి గురించి ఆ మాట వాడుతాము. అయితే శల్యుడు కర్ణుడి రథం ఎక్కడానికి చాలా ముందు ఒక విందు భోజనం చేశాడు. సారథ్యాన్ని జ్ఞాపకం పెట్టుకున్న మనం ఆ విందును మరిచిపోయాము. మిత్రుడు ద్రోహం చేస్తే తిట్టడానికి మనకు కావలసినన్ని మాటలున్నవి. అసలు వాడు మిత్రుడెట్లా అయినాడు, అయిన తర్వాత వాడి మాటకు ఎంత విలువ ఇచ్చారు అనే ప్రశ్నలు మాత్రం మన సాహిత్య విమర్శలో అరుదుగా కనబడుతవి. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను గురించినది.

కథ క్లుప్తంగా ఇది. శల్యుడు మద్రదేశపు రాజు, నకుల సహదేవులకు మేనమామ. పాండవుల పక్షాన పోరాడటానికి సేనతో బయలుదేరాడు. దారి పొడుగునా విడిదులు, పందిళ్లు, పిండివంటలు ఎదురైనవి. ఇదంతా ధర్మరాజు ఏర్పాటే ననుకుని మురిసిపోయి, ఇంత మర్యాద చేసినవాడికి కోరినది ఇస్తానన్నాడు. ఎదుటికి వచ్చి నిలబడినవాడు దుర్యోధనుడు. తన సేనకు నాయకుడుగా ఉండమని అడిగాడు. నోరు జారిన శల్యుడు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పాండవుల దగ్గరకు పోయి జరిగినది చెప్పుకున్నాడు. ధర్మరాజు కోప్పడలేదు. కర్ణుడికి సారథ్యం చేయవలసి వచ్చినప్పుడు అతని తేజస్సును తగ్గించమని మాత్రం కోరాడు.

దుర్యోధనుడిది మోసం, ధర్మరాజుది లౌక్యం అని మనకు పాఠం చెబుతారు. కాని ఇద్దరూ చేసినది ఒకటే. ఒకడు శల్యుణ్ణి అన్నం పెట్టి కట్టేశాడు, రెండోవాడు చుట్టరికం పెట్టి వాడుకున్నాడు. ఈ యుద్ధం కావాలా వద్దా, మద్రదేశపు సేన ఇందులో ఎందుకు చావాలి అని శల్యుణ్ణి ఎవరూ అడగలేదు. శల్యుడు తన ప్రజలను అడిగిన జాడ అసలే లేదు. మిత్రుడు ఆలోచించడానికి కూర్చోకముందే అతని నిర్ణయం అయిపోయింది.

రాజ్యాలు మైత్రి చేసుకుంటవి. చేసుకున్న తర్వాత యుద్ధం, సంధి, సైన్యం, రాయబారం అనే విషయాలలో ఎవరి మాట చెల్లుతుంది? బలవంతుడిదా, అందరిదా? చిన్నవాడు కాదంటే మైత్రి నిలుస్తుందా? తెలుగు సాహిత్యంలో ఈ విషయాన్ని ఉద్యోగపర్వమంత విపులంగా చర్చించిన గ్రంథం నాకు కనబడదు. ఇక ఆచరణలో ఈ ప్రశ్నకు తగిన మూల్యం చెల్లించిన ప్రాంతం వెతకాలంటే తెనాలి, బాపట్ల, రేపల్లె దాటి పోనక్కరలేదు.

ఉద్యోగపర్వం మీద మన విమర్శ రెండు దారులు తొక్కింది. సంప్రదాయ విమర్శకులు తిక్కన నాటకీయతను, రాజనీతిని మెచ్చుకున్నారు. న్యాయమే. కాని వారి దృష్టిలో రాజనీతి అంటే ఒక మనిషి తెలివి: కృష్ణుడి చమత్కారం, విదురుడి సూక్తి, సంజయుడి మాటల పొందిక. ఆ తెలివి ఏ సభలో, ఎవరి సమ్మతితో, ఎవరి ఖర్చు మీద పనిచేసిందో వారు చూడలేదు. రెండో దారి మనలో కొందరిది. ఇది రాజుల కథ, భూస్వామ్య సాహిత్యం, మనకెందుకని పక్కన పెట్టారు. రాజుల కథే, నిజం. అయితే రాజులు తమలో తాము ఎట్లా నిర్ణయించుకున్నారో తెలియకుండా, ఆ నిర్ణయాల కింద నలిగినవాళ్ల కథ ఎట్లా రాస్తాము? మెచ్చుకున్నవారూ, తోసిపుచ్చినవారూ విడిచిపెట్టినది ఒకే ఒక భాగాన్ని: సభను.

రంగస్థలం మీద కూడా ఇదే జరిగింది. ఈ ప్రాంతానికి నాటకం పరాయిది కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదిక మీద ఎదిగాడు. మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడి వేషానికి ఇక్కడ పెద్ద పేరు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఈ పల్లెల్లో తెల్లవార్లూ ఆడినవి. అక్షరం రానివాడు కూడా ఆ పద్యాలు పాడుకున్నాడు. అది చిన్న విషయం కాదు. కాని నాటక సమాజాలు రాత్రి నిడివికీ, హార్మోనియానికీ, వన్స్‌మోర్లకూ సరిపడేట్టు కత్తిరించుకుంటూ పోగా ప్రేక్షకుడికి మిగిలినవి ముఖ్యంగా పడక సీను, రాయబారం. అంటే రాజ్యాల మధ్య వ్యవహారం ఒక గొప్ప వక్త వెళ్లి పద్యాలు చదివి రావడంగా మారింది. రాయబారిని పంపినవారెవరు, ఏమి చెప్పమని పంపారు, పంపేముందు ఎవరెవరు ఏమన్నారు అనేది తెర వెనకకు పోయింది. విదేశాంగ నీతి అంటే ఒక నాయకుడి వాగ్ధాటి అనే అభిప్రాయం మన జనంలో ఇంత బలంగా పాతుకుపోవడానికి ఈ కత్తిరింపు కూడా ఒక కారణమని నా అనుమానం.

కత్తిరింపుకు గురైన సభలో ఏమున్నది? అభిమన్యుడి పెళ్లి అయిన తర్వాత విరాటుడి కొలువులో మిత్రులు కూడారు. మొదట కృష్ణుడు మాట్లాడి, దూతను పంపి సగం రాజ్యం అడుగుదామన్నాడు. తరువాత లేచిన బలరాముడు సంధి మంచిదంటూనే, జూదంలో తప్పు ధర్మరాజుదే, శకునిని అని ప్రయోజనం లేదన్నాడు. ఎవరి కోసం సభ చేరిందో వారి ఎదుటే అన్న మాట అది. సాత్యకి మండిపడ్డాడు. ద్రుపదుడు మెత్తని మాటలకు దుర్యోధనుడు లొంగడనీ, ముందుగా రాజులందరికీ కబురు పంపి సేనలు కూర్చుకోవాలనీ, దూతగా తన పురోహితుణ్ణి పంపుదామనీ అన్నాడు. సభ ద్రుపదుడి మాట ప్రకారం నడిచింది. బలరాముడి మాట ఓడిపోయింది. కాని అతన్ని ఎవరూ ద్రోహి అనలేదు. తర్వాత అతను ఏ పక్షమూ చేరక తీర్థయాత్రకు పోయినాడు. పోనిచ్చారు.

కృష్ణుడు రాయబారానికి బయలుదేరేముందు కూడా ఇంతే. ఎన్నడూ లేనిది భీముడు సంధి మాటలాడాడు. సహదేవుడు యుద్ధమే కావాలన్నాడు. ద్రౌపది విప్పిన జుట్టు చేతపట్టుకుని, సంధి మాటలాడేటప్పుడు దీన్ని మరిచిపోవద్దన్నది. నష్టపోయిన మనిషి స్వయంగా వచ్చి, రాయబారి షరతులలో తన నష్టాన్ని చేర్చమని అడిగిన సన్నివేశం ఇది. విదేశాంగ వ్యవహారాలు పెద్దలకు వదిలెయ్యండి అని సలహా చెప్పేవారు ఆ సన్నివేశాన్ని మళ్లీ చదవాలి.

సేనాపతి ఎన్నిక మరొక ఘట్టం. ధర్మరాజు ఒక్కొక్కరినే అడిగాడు. సహదేవుడు విరాటుడి పేరు చెప్పాడు. నకులుడు ద్రుపదుడన్నాడు. అర్జునుడు ధృష్టద్యుమ్నుడన్నాడు. భీముడు శిఖండి అన్నాడు. నాలుగు నోళ్లు నాలుగు పేర్లు చెప్పినవి. అప్పుడు ధర్మరాజు నిర్ణయాన్ని కృష్ణుడి మీద పెట్టాడు. కృష్ణుడు ధృష్టద్యుమ్నుణ్ణి ఎంచాడు.

దీన్ని ప్రజాస్వామ్యమని పొగడడం పొరపాటు. అందరినీ అడిగారు, నిర్ణయం ఒక్కడు చేశాడు. ఏడు అక్షౌహిణుల సేన చేరిన పక్షంలో సొంత బంధువుల మాట వినబడినంతగా సేనలు తెచ్చిన మిగతా రాజుల మాట వినబడలేదు. అయినా అడగడమంటూ ఉన్నది. భిన్నాభిప్రాయం సభ మధ్యనే బయటపడ్డది కనుక యుద్ధభూమిలో బయటపడవలసిన అవసరం రాలేదు. ఎదుటి పక్షం చూడండి. ధృతరాష్ట్రుడు విదురుడి మాట రాత్రంతా విన్నాడు, సంజయుడి మాట విన్నాడు, భీష్మ ద్రోణుల మాట విన్నాడు. విని ఏమీ చేయలేదు. అంతమంది సలహాదారులు పాండవులకు లేరు. పదకొండు అక్షౌహిణులున్నా, భీష్ముడు సేనాపతిగా ఉన్నంతకాలం తాను ఆయుధం పట్టనని కర్ణుడు తప్పుకున్నాడు. సభలో పరిష్కారం కాని తగాదా పది రోజుల యుద్ధంలో ఒక మహావీరుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది.

వీటన్నిటినీ మించి నన్ను ఆలోచింపజేసినది ద్వారకలో జరిగిన పంపకం. అర్జునుడు, దుర్యోధనుడు ఇద్దరూ సాయం అడగడానికి వచ్చారు. ఒక వైపు ఆయుధం పట్టని తాను, మరొక వైపు నారాయణ గోపాలుర సేన అని కృష్ణుడు రెండు భాగాలు పెట్టాడు. అర్జునుడు కృష్ణుణ్ణి కోరుకున్నాడు. దుర్యోధనుడు సేన దొరికిందని సంతోషించాడు. వ్యాఖ్యాతలు ఇక్కడ భక్తిని గురించి రాస్తారు. ఆ గోపాలుర మాటేమిటి? తాము పెంచుకున్న నాయకుడు ఎదుటి పక్షంలో ఉండగా, అతని మిత్రుల చేతుల్లో చావడానికి వాళ్లను వాటాగా పంచారు. వాళ్లను ఎవరూ అడగలేదు. యాదవులే మూడు ముక్కలైనారు. సాత్యకి పాండవుల వైపు, కృతవర్మ కౌరవుల వైపు, బలరాముడు తీర్థయాత్రకు. పెద్దలకు ఎంచుకునే హక్కు ఉన్నది. గోపాలురకు లేదు.

గోపాలుర సంగతి పురాణం కదా అని ఊరుకోవడానికి వీలులేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఉన్న నేల ఒకనాడు గుంటూరు సర్కారు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఆ సర్కారును కూడా మిత్రులు తమలో తాము పంచుకున్నారు.

1753లో నిజాం సలాబత్ జంగు తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద ఉత్తర సర్కారులను బుస్సీకి అప్పగించాడు. కాపలాకు వచ్చిన మిత్రుడి బత్తెం జిల్లాలకు జిల్లాలను మింగడం అప్పుడే మొదలైనది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కుంఫిణీ సేనాని ఫోర్డు, విజయనగరం ఆనందగజపతి సాయంతో ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా సైన్యంతో వచ్చిన సలాబత్ జంగు అటు గాలి తిరగగానే తానూ తిరిగి, మే 14న కుంఫిణీతో సంధి చేసుకున్నాడు. రేపల్లె పక్కనున్న నిజాంపట్నం సర్కారు ఆ సంధిలో ఇనాముగా పోయింది. ఫ్రెంచివాళ్లను రాజ్యంలో ఉండనివ్వనని కూడా ఒప్పుకున్నాడు. నిన్నటి మిత్రుణ్ణి వెళ్లగొట్టడం నేటి మైత్రికి షరతు అయింది.

1766 సంధిలో నిజాం అలీ మిగతా ఉత్తర సర్కారులను కుంఫిణీకి వదిలాడు. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు, ఆదోని జాగీర్దారు బసాలత్ జంగు బతికి ఉన్నంతకాలం అతనిదే అన్నారు. బసాలత్ జంగు కొలువులో ఫ్రెంచి పటాలం ఉన్నది. బాపట్లకు దిగువనున్న మోటుపల్లి రేవులో ఆ పటాలానికి మనుషులూ సామగ్రీ దిగేవి. అదే మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు తాను తీసుకోననీ, నియమించిన సుంకం తప్ప అడగననీ మాట ఇచ్చాడు. మనుమసిద్ధికి పోయిన నెల్లూరు రాజ్యాన్ని తిరిగి ఇప్పించమని తిక్కన వెళ్లి అడిగినది ఆ గణపతిదేవుణ్ణే నని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఆ కథ నిజమైతే ఉద్యోగపర్వం తెలుగు చేసిన కవి స్వయంగా మిత్రసాయం కోరిన రాయబారి. ద్రుపద పురోహితుడి రాయబారం, సంజయ రాయబారం అంత ప్రాణం పోసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

గణపతిదేవుడి నాటికీ బసాలత్ జంగు నాటికీ ఆ రేవు విలువ తగ్గలేదు. దాన్ని గురించి మాట ఇచ్చేవాళ్లు మారారు. 1779లో మద్రాసు గవర్నరు రంబోల్డు బసాలత్ జంగుతో విడిగా ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని తీసివెయ్యాలి, కుంఫిణీ సైన్యాన్ని పెట్టుకోవాలి, గుంటూరును కుంఫిణీకి కౌలుకివ్వాలి. మద్రాసువారు దాన్ని వెంటనే ఆర్కాటు నవాబుకు మారుకౌలుకిచ్చారు. కుంఫిణీకి మిత్రుడైన నిజాంను అడగలేదు. హైదరాలీ దేశం మీదుగా సైన్యం నడిపారు, అతన్నీ అడగలేదు. ఫలితం ఏమిటి? నిజాం ఆగ్రహించి హైదరుతో, మరాఠాలతో కలిసి కుంఫిణీకి ఎదురుగా కూటమి కట్టడానికి పూనుకున్నాడు. ప్రమాదం గ్రహించి 1780లో కలకత్తాలోని వారన్ హేస్టింగ్స్ సర్కారు గుంటూరును బసాలత్ జంగుకు తిరిగి ఇప్పించింది. 1782లో బసాలత్ జంగు చనిపోయాడు. ఆరేళ్లు నిజాం దగ్గర ఉంచుకున్నాడు. 1788లో కుంఫిణీ తరఫున కెన్నవే వచ్చి స్వాధీనం చేసుకున్నాడు.

ఆ పదేళ్లలో ఈ నేల బసాలత్ జంగుది, మద్రాసుది, ఆర్కాటు నవాబుది, మళ్లీ బసాలత్ జంగుది, నిజాందది, చివరకు కుంఫిణీది. వీళ్లంతా పరస్పరం మిత్రులమని కాగితాల మీద రాసుకున్నవాళ్లే. శిస్తు కట్టినవాడు మాత్రం ఒక్కడే. రేపల్లె లంకల్లో దున్నినవాడు, బాపట్ల ఇసుకల్లో వల లాగినవాడు, ఈ ఏడు తన దొర ఎవరో దండోరా వేస్తే తెలుసుకున్నాడు. ద్వారకలో గోపాలురకు జరిగినదీ ఇతనికి జరిగినదీ ఒకటే.

నిజాంకు పెట్టిన విందు ఇంకా మిగిలి ఉన్నది. 1790లో టిప్పు మీద కుంఫిణీ, నిజాం, పీష్వా కూటమి కట్టినప్పుడు సంధి ముగ్గురి సమ్మతితో జరగాలని రాసుకున్నారు. 1792లో గెలిచిన రాజ్యాన్ని ముగ్గురూ పంచుకున్నారు. అంతవరకు నిజాం మాటకు కొంత విలువ ఉన్నది. 1795లో మరాఠాలు నిజాం మీదికి వస్తే కుంఫిణీ తప్పుకున్నది. హైదరాబాదులో ఉన్న దాని పటాలాలను దాని మిత్రుల మీద వాడరాదన్నారు. ఖర్డా దగ్గర నిజాం ఓడిపోయాడు. ఓడినవాడికి కావలసింది రక్షణ. 1798 సెప్టెంబరు 1న సైన్యసహకార సంధి జరిగింది. కుంఫిణీ పటాలాలు ఆరు ఉంటవి, వాటికి నిజాం సాలుకు 24,17,100 రూపాయలు ఇవ్వాలి, ఫ్రెంచి సేనను తీసివెయ్యాలి. 1800 అక్టోబరు 12న ఆ ఖర్చు కింద దత్తమండలాలు పోయినవి. ఆ సంధిలోనే ఒక షరతు ఉన్నది. ముందుగా తెలియజేసి, కుంఫిణీతో పరస్పరం సంప్రదించకుండా నిజాం ఏ ఇతర రాజ్యంతోనూ వ్యవహారం నడపరాదు.

‘పరస్పర సంప్రదింపు’ అనే ఆ మాటను మన విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. మాట పరస్పరం, కట్టుబడ్డది ఒక్కడు. కుంఫిణీ తన యుద్ధాలకు నిజాం సమ్మతి కోసం ఆగవలసిన పని లేదు. నిజాం మాత్రం ఉత్తరం రాయాలన్నా రెసిడెంటు మొహం చూడాలి. ఓడించి లాక్కున్న రాజ్యంలో తిరుగుబాటు వస్తుంది. సంప్రదించి తీసుకున్న రాజ్యంలో దర్బారు మిగిలిపోతుంది, బిరుదులు మిగులుతవి, నిర్ణయం మాత్రం మిగలదు. ఇదే శల్యుడి విందు.

ఈ విందు కొసరు మన తరానికి దగ్గరగా వచ్చింది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. శాసనసభలను అడగలేదు. ఎన్నికైన కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేసినవి. 1942 జనవరిలో ఐక్యరాజ్యాల ప్రకటన మీద భారతదేశం పేరు కూడా ఉన్నది. సంతకం చేసే అధికారం భారత ప్రజలు ఎవరికీ ఇవ్వలేదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాను బాంబులు పడినవి. ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలి అయినారు. ఆ తరువాత ఆరు నెలలకు, 1943 ఫిబ్రవరిలో, ఆ తెనాలిలోనే అభ్యుదయ రచయితల మొదటి మహాసభ తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది. ఫాసిజాన్ని ఓడించాలనే రచయితలూ, రణరంగ చౌకులో నెత్తురు చూసిన జనమూ ఒకే ఊళ్లో ఉన్నారు. ఆనాటి వాదాలలో ఎవరిది ఎంత ఒప్పో ఇక్కడ తేల్చను. ఒకటి మాత్రం చెప్పవచ్చు. ఫాసిజం మీద యుద్ధం న్యాయమైనది కావడం, ఆ యుద్ధంలోకి ఒక జాతిని దాని సమ్మతి లేకుండా ఈడ్వడం, ఈ రెండూ ఒకేసారి నిజమైనవి. న్యాయమైన లక్ష్యం అడగకపోవడానికి సాకు కాదు. బలరాముడు తప్పు చెప్పినా అతని మాట సభలో వినబడింది. తెనాలి ప్రజలకు ఆపాటి సభ కూడా దక్కలేదు.

స్వతంత్ర రాజ్యాల మధ్య ఈ జబ్బు పోయిందా? 1949 నాటి నాటో ఒడంబడికలో సంప్రదింపు షరతు ఉన్నది. 1956లో బ్రిటను, ఫ్రాన్సు ఇజ్రాయెలుతో కుమ్మక్కై ఈజిప్టు మీద దాడి చేసినప్పుడు పెద్ద మిత్రుడైన అమెరికాకే చెప్పలేదు. ఆ డిసెంబరులోనే సంప్రదింపు ఎట్లా జరగాలో ముగ్గురు విదేశాంగ మంత్రుల చేత నివేదిక రాయించుకున్నారు. సామ్రాజ్యవాద కూటములలో ఇది సహజమని మనం సులభంగా చెప్పేస్తాము. అయితే 1968 ఆగస్టులో వార్సా సంధి సైన్యాలు తమ మిత్రరాజ్యమైన చెకొస్లొవేకియాలోకి ప్రవేశించినప్పుడు ఏమయింది? ప్రాగును రక్షించడానికని పోయినవాళ్లు ప్రాగును అడగలేదు. రుమేనియా ఆ దండయాత్రలో చేరక, బహిరంగంగా ఖండించింది. అల్బేనియా సంధినే వదిలేసింది. సూయజుకు ఒక కొలత, ప్రాగుకు ఒక కొలత పెట్టుకున్న విమర్శ విమర్శ కాదు, వకాల్తా. సోషలిజం పేరు పెట్టుకున్న కూటమిని సామాన్య ప్రజల మాట ఎంత చెల్లిందో అడిగి మరింత గట్టిగా కొలవాలి.

కాదన్నవాళ్ల కథలు కూడా చరిత్రలో ఉన్నవి. 2003 మార్చి 1న, ఇరాకు మీద దాడికి అమెరికా సైన్యాన్ని తమ దేశం గుండా పోనివ్వాలనే తీర్మానం టర్కీ పార్లమెంటులో నెగ్గలేదు. టర్కీ నాటోలో ఉన్నది, అప్పుడూ ఉన్నది, తరువాతా ఉన్నది. మిత్రుడు కాదన్నంత మాత్రాన మైత్రి తెగిపోలేదు. ఐరోపా సమాఖ్యలో విదేశాంగ, భద్రతా నిర్ణయాలు చాలావరకు ఏకగ్రీవంగా జరగాలి. అడ్డుపడకుండా పక్కకు తప్పుకునే వీలు కూడా రాసుకున్నారు. బలరాముడి తీర్థయాత్రకు షరతులో చోటు కల్పించారన్న మాట. దానివల్ల ఒక చిన్న రాజ్యం బేరాల కోసం అందరినీ ఆపగలదు. అది నిజమైన కష్టమే. కాని ఆపగలిగినవాడినే అడుగుతారు. ఆపలేనివాడికి కబురు పంపుతారు, అంతే.

యుద్ధ వ్యవహారాలు రహస్యంగా, త్వరగా జరగాలి, సభలు పెట్టుకుంటే శత్రువు ఇంట్లోకి వస్తాడని కొందరంటారు. ఈ వాదంలో కొంత సత్యం ఉన్నది. ఫిరంగి ఏ రాత్రి పేల్చాలో ఓట్లు తీసుకోలేము. కాని ఏ కూటమిలో చేరాలి, ఎవరి సైన్యానికి మన రేవు ఇవ్వాలి, ఏ షరతు మీద సంధి చేసుకోవాలి అనేవి ఒక్క రాత్రిలో తేలే విషయాలు కావు. రంబోల్డు గుంటూరు వ్యవహారాన్ని గుట్టుగా, చురుకుగా నడిపాడు. ఏడాది తిరక్కుండా ముగ్గురు శత్రువులను ఒకచోట చేర్చే పరిస్థితి తెచ్చాడు. విరాటుడి కొలువులో అంత రచ్చ జరిగినా పాండవులకు నష్టం కలగలేదు.

మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. భారత రాజ్యాంగం కింద విదేశాలతో ఒడంబడిక చేసుకోవడం కార్యనిర్వాహక ప్రభుత్వపు పని. దాని అమలుకు చట్టం కావలసి వస్తే తప్ప, ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోవడం తప్పనిసరి కాదు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియనుతో సంధి చేసుకున్నప్పుడూ ఇంతే, 2008లో అమెరికాతో అణు ఒప్పందం చేసుకున్నప్పుడూ ఇంతే. 2008 జూలైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకుంటే లోక్‌సభలో విశ్వాస తీర్మానం మీద ఓటింగు జరిగింది. అంటే ప్రభుత్వం ఉండాలా పోవాలా అని ఓటు పడ్డది గాని, ఒప్పందం మీద పడలేదు. 1971 సంధి మనకు నచ్చింది, 2008 ఒప్పందం నచ్చలేదు కనుక రెండు పద్ధతులూ వేరనుకుంటే మనల్ని మనం మోసపుచ్చుకున్నట్టే. నచ్చిన సంధికి కూడా సభ ఉండాలని అడిగినప్పుడే నచ్చని సంధికి సభ కావాలనే మన కోరికకు నైతిక బలం వస్తుంది.

ఇందులో సాహిత్యకారుడు చేయగల పని ఉన్నది. కళాశాలల్లో ఉద్యోగపర్వ భాగాలు పాఠ్యంగా పెట్టినప్పుడు రాయబారపు పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి ముగించకుండా, విరాటుడి కొలువును కూడా చెప్పాలి. ఆ కొలువు పక్కనే 1779 గుంటూరు కౌలునూ, 1800 సంధిలోని సంప్రదింపు షరతునూ పెట్టి చదివించాలి. చరిత్ర మాస్టారూ తెలుగు మాస్టారూ ఒక గంట కలిసి కూర్చుంటే చాలు. తెనాలి, రేపల్లె నాటక సమాజాలు ఒకసారైనా పడక సీనుకు ముందు ఆ సభను పూర్తిగా ఆడి చూపాలి. అందులో బలరాముడు జనానికి నచ్చని మాట చెబుతాడు. సాత్యకి అరుస్తాడు. ద్రౌపది జుట్టు చూపిస్తుంది. రక్తి కట్టదనే భయం అక్కరలేదు. ద్వారక పంపకం దగ్గర మాత్రం నటులు ఒక్క క్షణం ఆగితే మంచిది. గోపాలుర వేషాలు వేసిన కుర్రవాళ్లను కృష్ణార్జునుల మధ్య ఊరికే నిలబెట్టాలి. వాళ్లకు పద్యాలు లేవు. ఎందుకు లేవని ప్రేక్షకుల్లో ఒక్కడైనా అడుగుతాడు.